ఊకె వచ్చిన దొరసాని

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా ఇంట్లో పిల్లి ఈనితే మా ఆవిడ మూడు పిల్లలంటుంది, నేను ఏడంటాను. వినేవాడు ఐదనుకుని వెళ్లిపోతాడు, ఎవరికీ నష్టం లేదు. నిజామాబాద్‌లో నేను రోజూ చాయ్ తాగే హోటల్లో నా మాటలకు ఒక లెక్క కట్టి పెట్టుకున్నారు. సారు పది అంటే నాలుగు. వంద అంటే పన్నెండు. "నా కళ్లతో చూశాను" అన్నాడంటే ఎవరో చెప్పగా విన్నాడు. ఇక్కడ రాయబోయేదాన్ని కూడా ఆ లెక్కన తగ్గించుకుని చదవండి, నేనేమీ అనుకోను. ఒక్క చోట మాత్రం తగ్గించాలంటే నాకే చేతకాలేదు. ఆ చోటు కోసమే ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు నేను బోధన్‌లో ఇంగ్లీషు మాస్టరుని. వయసు ఇరవై ఎనిమిది. నా ఇంగ్లీషు ఎంతటిదో పిల్లలకు తెలిసే అవకాశం లేదు, వాళ్లకు అదీ రాదు కనుక. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే రోడ్డు మీద, ఎడపల్లి దాటాక, రోడ్డును ఆనుకుని ఒక వికలాంగుల ఇల్లు ఉండేది. అంతకు ముందు అది వడ్ల గోదాం. రేకుల కప్పు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే మనిషి కుడుములా ఉడికేవాడు. వానాకాలం ఆ చప్పుడులో ఇద్దరు మాట్లాడుకోవాలంటే చీటీలు రాసుకోవాల్సి వచ్చేది. అందులో ముప్పై మంది దాకా ఉండేవాళ్లు. కాళ్లు సన్నబడి నడవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు, పొలం పనిలో చేతులు పోయినవాళ్లు. ఇంటిని నడిపే ఆవిడ ఒకప్పటి నర్సు. అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆమె వంటింట్లో "ఉప్పేది" అంటే ఎడపల్లి స్టేషన్లో రైలు ఆగుతుందని పేరు.

ఒకరోజు పెద్దమ్మ నుంచి కబురు వచ్చింది. విదేశాల నుంచి ఒకామె ఏడాది పాటు ఈ ఇంట్లో ఉండి పని చేయడానికి వచ్చిందట, ఆమె మాటలు తెలుగులో చెప్పేవాళ్లు కావాలట. నేను సైకిలెక్కాను. ఆరు మైళ్లు. గాలి ఎదురైంది కనుక అరవై.

వెళ్లేసరికి గోదాం వాకిట్లో నిలబడి ఉంది. అంత పొడుగు ఆడమనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆమె లోపలికి వస్తుంటే తలుపే భయపడి కాస్త పైకి జరిగిందనిపించింది. ఎండిన చెరుకు పిప్పి రంగు జుట్టు. ఆమెది ఇంగ్లండు కాదు, ఇంకా పైన, ఆర్నెల్లు మంచు కింద ఉండే ఏదో దేశం. ఆమెకు కూడా ఇంగ్లీషు బళ్లో నేర్చుకున్నదే. ఇద్దరం ఒకరి తప్పులు ఒకరం పట్టుకోలేక మొదటి నిమిషంలోనే స్నేహితులమైపోయాం.

ఆ ఇంట్లో ఒక అవ్వ ఉండేది. రెండు కళ్లూ లేవు. కానీ ఎవరు వచ్చినా, ఎందుకు వచ్చినా, ఎంత అబద్ధమాడుతున్నా ముందు ఆమెకే తెలిసేది. అందరి తరఫునా ఆమే అడిగింది.

"ఎవలు సారు గీమె? సర్కారు తోలిందా?"

"కాదవ్వా."

"డిచ్‌పల్లి దొరల దవఖానకు పోయేటామె తొవ్వ తప్పి ఈడ దిగిందా?"

"కాదవ్వా, ఇక్కడికే వచ్చింది."

"జీతమెంత?"

"జీతం లేదు."

అవ్వ నా గొంతు వైపు చెవి పెట్టింది. "జీతం లేకుంట గంత దూరం నుంచి ఎందుకొచ్చింది?"

నేను దొరసానిని అడిగాను. ఆమె "వాలంటీర్" అంది. ఆ మాటకు తెలుగు కావాలి. పుస్తకాల్లో "స్వచ్ఛంద సేవకురాలు" అని ఒకటి ఉంది. అది అంటే అవ్వ "స్వచ్ఛంద అంటె ఏ మండలం" అని అడుగుతుంది. అందుకని నోటికి ఏది వస్తే అది అనేశాను.

"ఊకె వచ్చిందవ్వా."

నా జీవితంలో నేను చేసిన అనువాదాల్లో ఇంత పొట్టిది లేదు, ఇంత గొడవ చేసినదీ లేదు. మా దిక్కు ఊకె అన్న మాట ఒక్క మనిషికి లొంగదు. జీతం తీసుకోకుండా వచ్చినా ఊకె వచ్చినట్టే. పనీపాటా లేక వచ్చినా ఊకె వచ్చినట్టే. పొద్దున వచ్చి మళ్లీ సాయంత్రం వచ్చి విసిగించినా ఊకె వచ్చినట్టే. ఏమీ చేయకుండా కూర్చుంటే ఊకె కూర్చున్నట్టు, నోరు మూసుకుంటే ఊకున్నట్టు. ముప్పై మంది ముప్పై అర్థాలు తీసుకుని ఎవరి మంచం దగ్గరికి వాళ్లు పోయారు. దొరసాని మాత్రం ఆ మాటను ఒక చిన్న పుస్తకంలో రాసుకుంది, తన ఉద్యోగం పేరు అదే అనుకుని. మర్నాటి నుంచి ఎవరు కనబడినా రెండు చేతులు జోడించి, "నమస్తే. నేను ఊకె" అనేది. సరిదిద్దుదామనుకున్నాను. కానీ విన్నవాళ్ల ముఖాల్లో అంత సంతోషం చూశాక మనసు రాలేదు.

అసలు కష్టం ఆమె పని చేసే పద్ధతితో వచ్చింది.

కాళ్లు సన్నబడిన ఒకాయన రోజూ మంచం మీది నుంచి చక్రాల పలక మీదికి దిగాలి. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి బస్తాలా దించేవాళ్లు. ఒకరోజు దొరసాని ఆ ఇద్దరినీ ఆపి, పక్కన స్టూలు వేసుకుని, తన రెండు అరచేతులూ తొడల కింద పెట్టి వాటి మీద కూర్చుంది. ఆయన ఒక్కడే దిగడం మొదలుపెట్టాడు. జారాడు. ఆమె కదల్లేదు. పలక దూరం జరిగింది. ఆమె కదల్లేదు. ఆయన ఆమెను, ఆమె దేశాన్ని, ఆ దేశానికి ఓడలు నడిపేవాళ్లను తిట్టాడు. ఆమెకు తెలుగు రాదు కనుక చిరునవ్వుతో విన్నది. చివరికి ఆయన దిగాడు. నా లెక్కన రెండు గంటలు పట్టింది, మీ లెక్కన పావుగంట వేసుకోండి. అప్పుడు ఆమె చేతులు బయటికి తీసింది. స్టూలు చారలు అచ్చు పడి, ఎర్రగా ఉన్నాయి.

అవ్వ తీర్పు చెప్పేసింది. "సముద్రాలు దాటి వచ్చి చేతుల మీద కూసుంటదా. మా మనుమడు ఊర్లనే కూసుంటడు, గంత దూరం పోకుంట."

"ఏమంటోంది?" అని దొరసాని అడిగింది.

"మీ ఓపికను మెచ్చుకుంటోంది" అన్నాను.

తర్వాత అడిగాను, ఎందుకలా కూర్చుంటారని. వాళ్ల దేశంలో ఇలాంటి ఇంట్లోనే ఆమె రెండేళ్లు పని చేసిందట. అక్కడ మొదటి పాఠం, అడగకుండా ఎవరినీ ముట్టుకోకూడదు, వాళ్లు చేసుకోగలిగింది మనం చేసి పెట్టకూడదు. "పాఠం నాకు అర్థమైంది. నా చేతులకు ఇంకా అర్థం కాలేదు. ఎవరైనా జారితే ముందే లేస్తాయి. అందుకే వాటి మీద కూర్చుంటాను" అంది. నేను నవ్వాలని నోరు తెరిచాను. నవ్వు రాలేదు. ఆ చారలు చూస్తూ ఉండిపోయాను.

ఆ ఇంట్లో ఇంకొకాయన ఉండేవాడు. మోస్రా దిక్కు రైతు, నలభై ఐదేళ్లుంటాయి. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్లో బెల్లం వండినా కడాయి దగ్గరికి ఆయన్నే పిలిచేవాళ్లట. చెరుకు గానుగాడటానికి మనుషులుంటారు, పొయ్యిలో పిప్పి వేయడానికి మనుషులుంటారు, మురికి తెట్టె తీయడానికి, కడాయి దించడానికి మనుషులుంటారు. ఆయన పని ఒక్కటే. ఉడికే రసాన్ని చుక్క తీసి చన్నీళ్లలో వేసి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి చూసి, "దించుండ్రి" అనడం. ఆ మాట కాస్త ముందు అంటే బెల్లం గట్టిపడదు, జిగటగా వేళ్లకు అంటుకుంటుంది. కాస్త ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. మధ్యలో ఉండే సమయం ఎంతంటే, నా అంతటి మనిషికి కూడా దాన్ని పెంచి చెప్పడం రాదు. తుమ్మినంత సేపు.

ఆ వేళ్లను ఇంటి గానుగే తినేసింది. కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఎడమ చేతికి రెండు వేళ్లు మిగిలాయి గానీ వాటికి స్పర్శ లేదు. నిప్పుకణం పట్టుకున్నా తెలియదు.

ఆయనకొక తమ్ముడు. అన్నంటే ప్రాణం. ఏడాది పాటు అన్నకు తన చేత్తో ముద్దలు పెట్టాడు, ధోవతి కట్టాడు, బీడీ కూడా తానే వెలిగించి నోట్లో పెట్టాడు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అన్న తానే వేడినీళ్ల కాగు ఎత్తబోయి కాలు కాల్చుకున్నాడు. తమ్ముడు హడలిపోయి, ఇక్కడైతే చూసుకునేవాళ్లుంటారని తెచ్చి ఈ ఇంట్లో ఉంచాడు. అంగడి రోజుల్లో వచ్చి, అన్న పక్కన కూర్చుని, కాసేపు ఏడ్చి, మళ్లీ ముద్దలు పెట్టి పోయేవాడు.

చెరుకు కాలం వచ్చింది. పొలాల మీద నుంచి బెల్లం వాసన గాలిలో వస్తే ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. దొరసాని అది గమనించింది. నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లి, ఏం కావాలో అడగమంది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు.

"ఇంటికి పోవాల్నా అన్నా?" అన్నాను.

ఆయన గోడను చూస్తూనే చెప్పాడు. "ఇంటికి కాదు సారు. కడాయి కాడికి పోవాలె. ఇంట్ల నన్ను సూసుకుంటరు. కడాయి కాడ నన్ను అడుగుతరు."

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారికి ఆమె, "చాలు, మొదటిసారే అర్థమైంది" అంది.

మర్నాటి నుంచి వంటింట్లో చిన్న గిన్నెలో పాత బెల్లం కరగబెట్టి పాకం పట్టడం మొదలైంది. గరిటెను ఆయన మోచేతికి తోలు పట్టీతో కట్టాలి. అది ఆయనే కట్టుకున్నాడు, పళ్లతో లాగి. దొరసాని స్టూలు మీద, తన చేతుల మీద కూర్చుంది. చుక్క తీయగలడు, నీళ్లలో వేయగలడు. నలిపి చూడటానికే స్పర్శ ఉన్న వేళ్లు లేవు. మొండి చేతికి నొక్కి చూశాడు, ఏమీ తెలియలేదు. ఒకరోజు నాలుక మీద వేసుకుని చూశాడు. బొబ్బ లేచింది. ఆమె లేవలేదు, కానీ ఆ తర్వాత గోదాం వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. నేను వెళ్లి చూస్తే తూము దగ్గర నిలబడి చేతులు నీళ్లలో పెట్టుకుని ఏడుస్తోంది. ఏమనాలో తెలియక ఇంగ్లీషు వ్యాకరణం గుర్తు చేసుకుంటూ వెనక్కి వచ్చాను.

దారి చూపింది అవ్వ. నాలుగు రోజులుగా వంటింటి గడప మీద కూర్చుని ఈ తతంగం వింటోంది.

"ఓ బిడ్డా, నీకు ఇనబడ్తలేదా?" అంది ఆయనతో.

"ఏం ఇనబడాలె అవ్వా?"

"నువ్వు కండ్లతోని సూస్తున్నవ్, వేళ్ల కోసం ఏడుస్తున్నవ్, గందుకె ఇనబడ్తలేదు. నేను నలభై ఏండ్లు పప్పు ఎట్ల వండిన అనుకున్నవ్? కండ్లు మూస్కో."

ఆయన కళ్లు మూసుకున్నాడు. గిన్నె ఉడుకుతోంది. మేమంతా నోళ్లు మూసుకున్నాం, పెద్దమ్మ కూడా. మొదట గలగలమంది. తర్వాత బుడబుడమంది. ఆ తర్వాత తప్, తప్ అని బరువుగా. అవ్వ చెయ్యెత్తి ఆగమంది. ఒక బుడగ పగిలింది. రెండోది లేవడానికి ముందు చిన్న ఊపిరి లాంటిది వినిపించింది. వినిపించిందని నేను అంటున్నాను గానీ నాకు ఏమీ వినిపించలేదు. ఆయన ముఖం చూసి, వినిపించి ఉంటుందనుకున్నాను.

"ముసలి ఎద్దు పండుకునేటప్పుడు ఇడిసే ఊపిరి లెక్క ఉన్నది" అన్నాడు ఆయన.

"గదే. దించు" అంది అవ్వ.

ఆ తర్వాత నెల రోజులు ఆయన కళ్లు మూసుకునే తిరిగాడు. చెంబులో నీళ్లు పడే చప్పుడు, పప్పు ఉడికే చప్పుడు, చాయ్ పొంగే చప్పుడు. ఒకసారి నేను గడప దాటకముందే, "సారు సైకిల్ ఎనక చక్రంల గాలి తక్కువున్నది" అన్నాడు. చూస్తే నిజమే.

ఆ ఇంటి వెనక కొంచెం చెరుకు వేశారు. అది నరకడానికి వచ్చింది. పెద్దమ్మ దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంది. ఆయన, "నేను వండుత" అన్నాడు. పెద్దమ్మ గొంతు లేచింది.

"నిప్పు కాడ నిలబడ్తవా? గంత పెద్ద కడాయి మీద? ఏమన్న అయితె మీ తమ్మునికి నేనేం చెప్పాలె?"

దొరసాని నా వైపు చూసింది. నేను చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది, నేను దాన్ని తెలుగు చేశాను. "ఆయన మిమ్మల్ని సాయం అడిగిండా పెద్దమ్మా?"

పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు ఎడపల్లి స్టేషన్ మాస్టరు గొంతు వినబడక రైలు పట్టాలు పరీక్ష చేయించి ఉంటాడు.

తమ్ముడికి కబురు పోయింది. రెండు బండ్ల మీద గానుగ, కడాయి, నలుగురు మనుషులతో వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్న ముందు కాదు, మా ముందు నిలబడి చెప్పాడు.

"సారు, గీ దొరసానికి చెప్పుండ్రి. మా అన్నకు లేనిపోని ఆశ పెట్టింది. సరే, ఒక్క కడాయి వండనియ్యి. పాకం సరిగ దిగితె తీస్కపోయి కడాయి కాడ నిలబెడ్త. తప్పితె మల్ల గీ మాట ఎవ్వలు ఎత్తొద్దు. మా అన్న పానం ఇంక ఇరగద్దు."

అన్న ఆ మాట విన్నాడు. "మంచిది తమ్మి" అన్నాడు. అంతే.

పొద్దున్నే గానుగ తిరిగింది. రసం కడాయిలో పడింది. ఆ కడాయి ఎంతటిదంటే అందులో నేను, నా సైకిలు, మా హెడ్మాస్టరు కలిసి స్నానం చేయవచ్చు. పొయ్యి రాజుకుంది. ఆయన మోచేతికి పొడుగు గరిటె కట్టుకుని నిలబడ్డాడు. సున్నపునీళ్లు ఎప్పుడు పోయాలో, బెండమొక్క జిగురు ఎప్పుడు వేయాలో, తెట్టె ఎప్పుడు తీయాలో గడ్డంతో చూపిస్తే నలుగురూ చేస్తున్నారు. ఇంట్లోవాళ్లంతా పలకల మీద, కర్రల మీద వచ్చి చుట్టూ చేరారు. రసం చిక్కబడింది. ఎర్రబడింది. తమ్ముడు ఆగలేకపోయాడు. చన్నీళ్ల గిన్నె అందుకుని ముందుకు వచ్చాడు.

"అన్నా, నేను ఏలు పెట్టి సూసి చెప్త. ఎవలకు తెల్వది. నువ్వు దించుమని అను."

దొరసాని లేచి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసి, పక్కన ఉన్న దుంగ చూపించింది. తాను కూర్చుని, అరచేతులు తొడల కింద పెట్టుకుంది. అతడు ఆమెను చూశాడు, అన్నను చూశాడు. తర్వాత కూర్చున్నాడు. ఏనుగు లాంటి మనిషి, తన రెండు చేతులనూ తన కిందే పెట్టుకున్నాడు. అది చూసి ఆ నలుగురూ కూర్చున్నారు. పెద్దమ్మ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. చేతుల మీద కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అవి మన కింద కూరుకుపోయి, లేవాలని కొట్టుకుంటూనే ఉంటాయి.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద గంటలు మోగాయి.

అది చెరుకు కాలమని చెప్పాను కదా. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండ్లు వరసగా వస్తున్నాయి. ప్రతి ఎద్దు మెడలో గంటలు, ప్రతి ఇరుసుకూ ఒక ఏడుపు. కడాయి చప్పుడు ఆ మోతలో మునిగిపోయింది. ఆయన కళ్లు తెరిచాడు. ఆ ముఖంలో రంగు పోవడం నేను చూశాను.

"ఇనబడ్తలేదు" అన్నాడు.

ఆ మాటను నేను ఇంగ్లీషులో చెప్పే లోపలే దొరసాని రోడ్డు మీద ఉంది. నేను వెనకాల పరుగెత్తాను. ఆమె మొదటి బండి ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ఎద్దులు ఆగాయి, అంత పొడుగు మనిషిని అవీ చూసి ఉండవు. బండివాడు తలపాగా వెనక్కి నెట్టుకుని, "ఏందమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచాను. పాకం, చెవులు, వేళ్లు, తమ్ముడు, ఇదంతా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? నా నోట్లోంచి గాలి తప్ప రాలేదు. ఆమెకు వచ్చిన తెలుగు ఒక్క మాటే. అదే అంది, చేతులు జోడించి.

"ఊకె. ఊకె."

బండివాడు ఆమెను చూశాడు. ఆమె భుజం మీదుగా కడాయిని, చేతుల మీద కూర్చున్న మనుషులను, మోచేతికి గరిటె కట్టుకుని మళ్లీ కళ్లు మూసుకున్న ఆ మనిషిని చూశాడు. అతడూ చెరుకు పండించేవాడే. ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది. వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు.

"ఊకుండుండ్రిర. పాకం మీదున్నరు."

ఆ మాట బండి నుంచి బండికి పోయింది. ఒక్కో బండీ ఆగింది. బండ్లవాళ్లు దిగి ఎద్దుల మెడల కింద చేతులు పెట్టి గంటల నాలుకలను పిడికిళ్లలో పట్టుకున్నారు. ఎద్దుల చెవుల దగ్గర ఏదో చెబుతూ నిలబడ్డారు. వంద బండ్లు. రోడ్డు పొడవునా, నిజామాబాద్ దాకా, వంద బండ్లు చప్పుడు లేకుండా నిలబడ్డాయి. చెరుకాకులు కూడా కదల్లేదు.

కడాయి తప్, తప్ అంటోంది. తమ్ముడు దుంగ మీద ముందుకు వంగి, పెదవి కొరుక్కుంటూ, "నల్లబడ్తది, నల్లబడ్తది" అని లోలోపల అంటున్నాడు. అన్న తల వంచి ఉన్నాడు. ఒక బుడగ పగిలింది. ఇంకొకటి. నాకు నా గుండె తప్ప ఏమీ వినబడలేదు. ఇంకొకటి.

"దించుండ్రి."

నలుగురూ లేచి కడాయి దించారు. పాకం తొట్టిలోకి జారింది. కలియబెట్టారు, అచ్చుల్లో పోశారు. బండ్లవాళ్లు గంటలు వదిలేశారు. అవి మోగుతూ పోతుంటే ఒక్కడు కూడా వెనక్కి తిరిగి ఏమైందని అడగలేదు. వాళ్లకు అడగాల్సిన పని లేదు, ఆ వాసనే చెప్పింది.

మధ్యాహ్నానికి బెల్లం ఆరింది. తమ్ముడు ఒక అచ్చు తీసి తిరగేశాడు. గడ్డ చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. పసుపుకొమ్ము విరిస్తే లోపల ఉండే రంగు. వేలితో కొడితే ఠంగుమంది. కొంచెం విరిచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ల నీళ్లు తిరుగుతుండగా అన్న ముందు నిలబడి చెప్పాడు. "అన్నా, ఇన్నొద్దులు నీ చేతులు పోయినయనుకున్న గని నువ్వు పోలేదని తెల్వకపాయె. నేను నీకు అన్నం పెట్టిన గని నీ పని నీకు పెట్టలే. ఇగ మన కడాయికి నీ మాటే మాట. పా అన్నా, పోదాం." అందరూ ఏడ్చారు. పెద్దమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది.

ఇక్కడిదాకా చదివి, వంద బండ్లు ఆగడం నేను కల్పించానని మీరు అనుకుంటూ ఉంటారు. హోటల్లో చెప్పినప్పుడు వాళ్లూ అదే అన్నారు. వంద కాదు, ఒప్పుకుంటాను. పదకొండు బండ్లు. నిజామాబాద్ దాకా కాదు, రోడ్డు మలుపు దాకా. కానీ ఆగాయి. గంటలను పిడికిళ్లలో పట్టుకున్నారు. తగ్గించాలని ఎన్నిసార్లు చూసినా పదకొండు దగ్గరే ఆగిపోతున్నాను.

కల్పించింది తమ్ముడి మాటలు. అతడు ఆ మాటల్లో ఒక్కటీ అనలేదు, కళ్ల నీళ్లూ లేవు. అన్ని నెలలు వచ్చినప్పుడల్లా ఏడ్చిన మనిషి ఆ రోజు ఏడవలేదు. అంతసేపు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకే భరించడం చేతకాక, ఇన్నేళ్లుగా అతని నోట్లో ఆ ముక్కలు పెడుతూ వస్తున్నాను. జరిగింది ఇంతే. అతడు బెల్లం ముక్క నోట్లో పెట్టుకుని, కరిగేదాకా నమలకుండా నిలబడ్డాడు. తర్వాత బండి దగ్గరికి పోయి, మళ్లీ ఎక్కించిన గానుగను ఒక పక్కకు జరిపి, ఖాళీ అయిన చోట గడ్డి పరిచాడు. అన్న వచ్చి బండి పట్టె మీద మోచేయి ఆనించి, మోకాలు ఎత్తాడు. ఒకసారి జారాడు. తమ్ముడు రెండు చేతులూ తన చంకల్లో ఇరికించుకుని, అన్న ఎక్కి కూర్చునేదాకా ఎద్దుల దగ్గరే నిలబడి ఉన్నాడు.